తోడల్లుడి ట్రేడ్, బావమరిది కప్పు, కమిషనర్ తొందర

డాలస్ శివార్లలో ఉంటున్న ఒక పాఠకుడు, తన పేరు వేయవద్దన్న మాటతో మొదలుపెట్టి, తన ఫాంటసీ ఫుట్‌బాల్ లీగు గురించి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లను డ్రాఫ్టులో, అంటే రౌండ్లవారీగా వంతుల ప్రకారం ఎంచుకుంటూ, పంచుకుని, మైదానంలో వాళ్లు పరుగెత్తిన గజాలనూ చేసిన టచ్‌డౌన్లనూ (బంతిని ప్రత్యర్థి గీత దాటించడం) పాయింట్లుగా లెక్కకట్టి ఆడే ఈ ఆటను ఆయనా, ఆయన ఇంజినీరింగ్ కాలేజీ మిత్రులూ 2017 నుంచి ఆడుతున్నారు. మొత్తం పన్నెండు జట్లు, జట్టుకు వంద డాలర్ల రుసుము, ప్రతి వారం ఒక్కో జట్టు ఇంకో జట్టుతో తలపడుతుంది. మొదటి ఏడాది నుంచీ ఆయనే కమిషనర్, అంటే లీగు నడిపే మనిషి. మూడేళ్ల క్రితం ఇద్దరు మిత్రులు లీగు వదిలేస్తే ఆ ఖాళీల్లోకి తన బావమరిదినీ తోడల్లుణ్ణీ తీసుకొచ్చారు. వాళ్లది కీపర్ లీగు. అంటే ప్రతి జట్టూ సీజను ముగిశాక ఇద్దరు ఆటగాళ్లను మరుసటి ఏటికి అట్టిపెట్టుకోవచ్చు. ఆ ఆటగాణ్ణి ఏ రౌండులో తీసుకున్నారో దానికి ఒక రౌండు ముందున్న పిక్కును (ఎంచుకునే వంతును) అందుకు బదులుగా వదులుకోవాలి. మొదటి రౌండులో తీసుకున్నవాణ్ణి మాత్రం అట్టిపెట్టుకోవడానికి వీల్లేదు.

గొడవ 2024 సీజను పదకొండో వారంలో మొదలైంది. అప్పటికి జరిగిన పది వారాల్లో తోడల్లుడు రెండే గెలిచాడు, బావమరిది ఏడు గెలిచాడు. నవంబరు 13, బుధవారం రాత్రి వాళ్లిద్దరూ ఒక ట్రేడ్, అంటే ఆటగాళ్ల మార్పిడి, కుదుర్చుకున్నారు. తోడల్లుడు తన మొదటి రౌండు ఆటగాడు, ఫిలడెల్ఫియా రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) సాక్వాన్ బార్క్లీని ఇచ్చేశాడు. బదులుగా బావమరిది పదమూడో రౌండులో తీసుకున్న టాంపా బే కొత్త కుర్రాడు బకీ ఇర్వింగ్‌ను పుచ్చుకున్నాడు. లీగు నిబంధన ప్రకారం ఏ ట్రేడ్ అయినా నలభై ఎనిమిది గంటలు అందరి పరిశీలనకూ ఉంచాలి. కానీ ఫిలడెల్ఫియా ఆట మర్నాడు గురువారం రాత్రే ఉంది. గురువారం ఉదయం బావమరిది ఫోన్ చేసి, గడువు దాకా ఆగకుండా ఆమోదించమని అడిగితే, ఆఫీసు పార్కింగులో కారు దిగకుండానే, మీటింగుకు వేళ మించిపోతున్న హడావుడిలో ఈయన ఫోనులో ఆమోదం నొక్కేశారు. ఆ రాత్రి వాషింగ్టన్ మీద బార్క్లీ 146 గజాలు పరుగెత్తి, నాలుగో క్వార్టరులో రెండు టచ్‌డౌన్లు చేశాడు. బావమరిది ఆ వారం తొమ్మిది పాయింట్ల తేడాతో గెలిచాడు. అతని చేతిలో ఓడిపోయింది ఈయనకు నాలుగేళ్ల హాస్టల్ రూమ్మేటు.

పది రోజుల తరువాత ఆదివారం రాత్రి ఆటలో లాస్ ఏంజిలెస్ రామ్స్ మీద బార్క్లీ ఏకంగా 255 గజాలు పరుగెత్తేసరికి వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. కుమ్మక్కు అన్నారు, ఇంటి లీగు అన్నారు. చివరికి బావమరిది పది గెలుపులతో, కప్పు తేల్చే చివరి పోటీలైన ప్లేఆఫ్స్‌కు వెళ్లి కప్పూ ఎనిమిది వందల డాలర్లూ గెలుచుకున్నాడు. ఆ సంతోషంలో తన కుటుంబాన్నీ తోడల్లుడి కుటుంబాన్నీ భోజనానికి తీసుకెళ్లి ఆ ఫోటో స్టేటస్‌లో పెట్టాడు. రూమ్మేటు ఆరు గెలుపుల దగ్గర ఆగిపోయి, ఒకే ఒక్క గెలుపు తేడాతో ప్లేఆఫ్స్ పోగొట్టుకున్నాడు. ఇంకొక్కటి గెలిచి ఉంటే మొత్తం పాయింట్ల లెక్కలో అతనే ముందుండేవాడని పాఠకుడే రాశారు. ఇప్పుడు ఆగస్టు చివర కొత్త డ్రాఫ్ట్ ఉంది. రూమ్మేటూ మరో మిత్రుడూ ఆ ట్రేడ్ చెల్లదని ప్రకటించాలనీ, ఇర్వింగ్‌ను తోడల్లుడు కీపరుగా వాడుకోకూడదనీ, లేకపోతే లీగు వదిలేస్తామనీ అంటున్నారు. బార్క్లీ అమ్మకానికి ఉన్నాడని తెలిస్తే తాను ఇంకా మంచి కీపర్ని ఇచ్చేవాణ్ణని మూడో మిత్రుడి బాధ. ఇంట్లో భార్య, “మా తమ్ముణ్ణీ మరిదినీ దొంగలంటుంటే మీరు నోరు మెదపరేం?” అని అడుగుతోందట. “ఈ ట్రేడ్ న్యాయమైనదేనా? నేనిప్పుడు ఏం చేయాలి?” అన్నది ఆయన ప్రశ్న.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మూడు వేర్వేరు ఫిర్యాదులు ఉన్నాయి, మీతో సహా అందరూ వాటిని ఒకే మూటగా కట్టి మోస్తున్నారు. ఇచ్చిపుచ్చుకున్న ఆటగాళ్ల విలువ సమంగా లేదన్నది ఒకటి. ఇద్దరు బంధువులు కలిసి లీగును మోసం చేశారన్నది రెండోది. ట్రేడ్ జరిగిన తీరు సరిగ్గా లేదన్నది మూడోది. మొదటిదానిలో పస లేదని నా అభిప్రాయం. రెండోదానికి మీరు రాసినదాన్ని బట్టి ఆధారం లేదు. మూడోది మాత్రం నిజం, దానికి జవాబుదారీ మీరే. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, కానీ మీ రూమ్మేటు కోపాన్ని అర్థం చేసుకోవాలంటే ఇది ముందు ఒప్పుకోక తప్పదు.

విలువ సంగతి చూద్దాం. ఏటికేడు కొత్తగా మొదలయ్యే లీగులో అయితే బార్క్లీకి ఇర్వింగ్‌ను ఇవ్వడం పెద్ద తప్పే అయ్యేది. ఆ పదకొండో వారంలో టాంపా బేకు అసలు ఆటే లేదు, బై వీక్. పైగా ఇర్వింగ్ అప్పటికింకా తన జట్టులోని రషాడ్ వైట్‌తో పని పంచుకుంటున్న కుర్రాడు. అందుకే మీ గ్రూపులో ఒకాయన “ఆట లేనివాణ్ణి ఇచ్చి బార్క్లీని కొట్టేశాడు” అని రాశాడు. ఆ మాట ఆ వారానికి నిజమే. కానీ కీపర్ లీగులో ప్రతి జట్టుకూ తనదైన కాలం ఉంటుంది. ఎనిమిది ఓడిపోయిన మీ తోడల్లుడికి బార్క్లీ ఇంకో నాలుగు వారాలు మాత్రమే పనికొస్తాడు, ఆ నాలుగూ గెలిచినా అతనికి ప్లేఆఫ్స్ రావు. సీజను ముగియగానే బార్క్లీ తిరిగి అందరి డ్రాఫ్టులోకి వెళ్లిపోతాడు, ఎందుకంటే మొదటి రౌండు ఆటగాణ్ణి అట్టిపెట్టుకోకూడదని నిబంధన పెట్టింది మీరే. అంటే మీ తోడల్లుడి చేతిలో ఉన్నది గడువు తీరబోతున్న కూపను. దాన్ని అతను పన్నెండో రౌండు పిక్కుతో అట్టిపెట్టుకోగల కుర్రాడితో మార్చుకున్నాడు. ఆ కుర్రాడు ఆ ఏడాది 1,122 గజాలు పరుగెత్తి, 2025 వేసవి డ్రాఫ్టుల్లో రెండో రౌండులోనే వెళ్లిపోయే స్థాయికి వచ్చాడు. రెండో రౌండు ఆటగాడు పన్నెండో రౌండు ధరకు దొరకడమంటే, తన అసలు రెండో రౌండు పిక్కు చేతిలో ఉండగానే అలాంటిది ఇంకొకటి వచ్చినట్టు. మీ లీగులో వచ్చే ఏడాదికి ఇంత లాభం చేసుకున్న జట్టు మరొకటి ఉందా అని ఫిర్యాదు చేస్తున్నవాళ్లే ఒకసారి లెక్క వేసి చూస్తే బాగుండును.

ఈ ఆట తెలియని మీ ఇంట్లోవాళ్లకు చెప్పాలంటే మన విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఉదాహరణ సరిపోతుంది. 2023లో సన్‌రైజర్స్ అతన్ని 20 లక్షలకు కొన్నది, 2025 సీజనుకు ముందు 6 కోట్లు ఇచ్చి అట్టిపెట్టుకున్నది. మీ లీగు నిబంధనలు ఐపీఎల్‌కు ఉండి ఉంటే ఆ ధర అలా ఎగబాకేది కాదు, ఏడాదికి ఒక్క మెట్టు మాత్రమే పెరిగేది. అప్పుడు ఆఖరి స్థానంలో ఉన్న జట్టు, సీజను చివర్లో తన ఖరీదైన పెద్ద ఆటగాణ్ణి వదులుకుని అలాంటి కుర్రాణ్ణి తెచ్చుకుంటే దాన్ని ఎవరూ తెలివితక్కువతనం అనరు.

మీరున్న డాలస్‌లో ఈ సంగతి ఇంకెవరికన్నా బాగా తెలియాలి. 1989 అక్టోబరులో డాలస్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు కౌబాయ్స్ తమ పెద్ద ఆటగాడు హెర్షెల్ వాకర్‌ను మిన్నెసోటా వైకింగ్స్‌కు ఇచ్చేసి, కొందరు ఆటగాళ్లనూ భవిష్యత్తు డ్రాఫ్ట్ పిక్కుల గుట్టనూ తీసుకున్నారు. ఆ రోజున చాలామంది ఆ బేరంలో వైకింగ్సే గెలిచారని అన్నారు. కౌబాయ్స్ ఆ ఏడాది ఒకటే గెలిచి పదిహేను ఓడిపోయారు. ఆ పిక్కుల సాయంతోనే ఎమిట్ స్మిత్ వంటివాళ్లను తెచ్చుకుని 1992, 1993, 1995 సీజన్లలో ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచారు. వాకర్ ఉన్నంతకాలం వైకింగ్స్ సూపర్ బౌల్ ముఖం చూడలేదు. ట్రేడ్ జరిగిన వారంలో ఎవరు ఎక్కువ ఇచ్చారన్నది చూసి న్యాయం తేల్చి ఉంటే, లీగు ఆ ట్రేడ్‌ను ఆపి కౌబాయ్స్‌ను కాపాడాలని చూసేది.

ఇంకో మాట. 255 గజాల రాత్రి తరువాత పుట్టిన కోపాన్ని ట్రేడ్ రోజు విలువలోకి తీసుకురాకూడదు. బార్క్లీ 2020లో రెండో వారంలోనే మోకాలు దెబ్బతిని ఏడాదంతా కూర్చున్నవాడు. 2024లో దాదాపు అందరూ మొట్టమొదటి పిక్కుగా తీసుకున్న క్రిస్టియన్ మెకాఫ్రీ నాలుగే ఆటలు ఆడాడు. నవంబరు 13 రాత్రి మీ బావమరిదికి ఆ ముప్పు కూడా కలిపే చేతికి వచ్చింది. పన్నెండో వారంలో బార్క్లీ మడమ మెలిక పడి ఉంటే, ఇవాళ నాకు ఉత్తరం రాసేవాడు మీ బావమరిదే అయి ఉండేవాడు.

రెండో ఫిర్యాదు కుమ్మక్కు. ఈ మాట చాలా తేలికగా అనేస్తారు, కానీ దానికి ఒక నిర్దిష్టమైన అర్థం ఉంది. ఇద్దరిలో ఒకరు తన జట్టు మంచిని వదిలేసి ఎదుటివాడి జట్టు కోసం ఆడితే అది కుమ్మక్కు. నేను ఆడే లీగుల్లో ఇలాంటి అనుమానం వచ్చినప్పుడు ఇద్దరినీ విడివిడిగా “ఎందుకు చేశావు?” అని ఒక్క ప్రశ్నే అడుగుతాం. జవాబు తన జట్టు గురించే అయితే, అది తెలివితక్కువ జవాబైనా సరే, వదిలేస్తాం. జవాబులో ఎదుటివాడి పేరు వస్తే ఆగుతాం. మీ తోడల్లుడు మీతో “నాకు ఈ ఏడు పోయింది అన్నయ్యా, వచ్చే ఏడు చూసుకుంటున్నాను” అన్నాడని మీరే రాశారు. ఇది తన జట్టు గురించి చెప్పిన జవాబు. ప్లేఆఫ్స్ అయ్యాక ఆటగాణ్ణి తిరిగి ఇచ్చేస్తాననే ఒప్పందం ఉన్నా, గెలిచిన డబ్బులో వాటా ఉన్నా, లీగు వదిలి వెళ్లిపోతూ కోపంతో జట్టును ఎవరికో ధారపోసినా అది వేరే కథ. మీరు రాసినదానిలో వాటి జాడ లేదు. భోజనం సంగతి అంటారా, కప్పు గెలిచినవాడు అక్కాబావలనో చెల్లెలి కుటుంబాన్నో హోటలుకు తీసుకెళ్లడం మన ఇళ్లలో మామూలే. అయితే ఆ ఫోటో చూసిన రూమ్మేటుకు అది బిల్లు చెల్లింపులా కనబడిందంటే అతన్ని తప్పుపట్టలేను. ఆ భోజనానికి మీరూ వెళ్లి ఉంటే ఆ సంగతి ఉత్తరంలో లేదు. వెళ్లి ఉంటే అది కూడా మిత్రులతో దాచకండి.

ఇక మూడోది. మీ ఉత్తరంలో ఈ భాగానికి మీరు రెండే వాక్యాలు కేటాయించారు. నాకు మాత్రం మొత్తం గొడవ ఆ కారులోనే ఉందనిపించింది. నలభై ఎనిమిది గంటల నిబంధన మీ లీగులో రాసి ఉంది. దాన్ని అమలు చేయాల్సినవాడు మీరు. దాన్ని పక్కనపెట్టి మేలు చేసింది మీ బావమరిదికి, ఆ మేలువల్ల ఆ వారమే నష్టపోయింది మీ రూమ్మేటు. లెక్క చూడండి. 146 గజాలూ రెండు టచ్‌డౌన్లూ కలిపితేనే బార్క్లీకి ఇరవై ఆరు పాయింట్ల పైన. గడువు పాటించి ఉంటే ట్రేడ్ శుక్రవారం రాత్రికి గాని ఖాయమయ్యేది కాదు, గురువారం ఆట మీ బావమరిది ఖాతాలో పడేది కాదు. ఆ చోట అతను బెంచీ మీద నుంచి ఎవరినో ఆడించి ఉండేవాడు. ఆ బెంచీ ఆటగాడికి వచ్చినవి పదకొండు పాయింట్లేనని మీరు రాశారు. తొమ్మిది పాయింట్లతో తేలిన ఆట అది. అంటే ఆ వారం మీ రూమ్మేటు గెలిచి, ప్లేఆఫ్స్‌కు వెళ్లి ఉండేవాడు. మీ బావమరిది పదికి బదులు తొమ్మిది గెలుపులతో అప్పటికీ ప్లేఆఫ్స్‌లో ఉండేవాడు. ట్రేడ్ వల్ల ఎవరికీ అన్యాయం జరగలేదు. మీరు నొక్కిన ఆ ఒక్క ఆమోదం వల్ల ఒకరికి జరిగింది.

మీకు దురుద్దేశం లేదని నమ్ముతున్నాను. కానీ నిబంధన రాసుకునేది సరిగ్గా ఇలాంటి తొందరల కోసమే. ఇదే అభ్యర్థన మీ రూమ్మేటు చేసి ఉంటే కారులో కూర్చునే ఆమోదించేవారా అని అతను రాత్రిళ్లు ఆలోచిస్తూ ఉంటాడు. మీరు అవునంటారు కావచ్చు, అతనికి అది తెలిసే దారి లేదు. 2011 డిసెంబరులో అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ కమిషనర్ డేవిడ్ స్టర్న్, ఆటగాడు క్రిస్ పాల్‌ను లేకర్స్‌కు పంపే ట్రేడ్‌ను ఆపేశాడు. అప్పట్లో పాల్ ఆడుతున్న న్యూ ఆర్లియన్స్ జట్టుకు లీగే యజమాని. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అని ఇప్పటికీ వాదించుకుంటారు, అయితే అప్పట్లో ఎక్కువ దుమారం లేచింది తీర్పు చెప్పేవాడికే ఒక జట్టుతో సంబంధం ఉండడం మీద. మీరు ట్రేడ్‌ను ఆపలేదు, వేగం పెంచారు. కానీ చుట్టరికం ఉన్నవాడు బరువు వేసిన తక్కెడ ఎటు మొగ్గినా అనుమానం ఒక్కటే.

మూడో మిత్రుడి బాధలో కూడా కొంత నిజముంది. బార్క్లీని అందరి ముందూ పెట్టి బేరం చేయాలని ఏ నిబంధనా లేదు, కాబట్టి మీ తోడల్లుడు తప్పు చేయలేదు. కానీ పదకొండు మందిలో ఒక్క బంధువునే అడగడం వల్ల అతనే తనకు రావాల్సిన మంచి బేరాన్ని పోగొట్టుకుని ఉండవచ్చు. ఈ మాట అతనితో చెప్పాల్సింది కోపంతో కాదు, అతని లాభం కోసం.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, రూమ్మేటు కోరినట్టు ట్రేడ్‌ను ఇప్పుడు రద్దు చేయడం. ఇది న్యాయంలా కనిపిస్తుంది గానీ పొసగదు. ఆడిన ఆటలు తిరిగి ఆడలేరు, బార్క్లీ పరుగెత్తిన గజాలను వెనక్కి తీసుకోలేరు. మీరు తీసేయగలిగింది ఇర్వింగ్ ఒక్కణ్ణే. అప్పుడు శిక్ష పడేది నిబంధన దాటని ఒకే ఒక్క మనిషికి, మీ తోడల్లుడికి. అతనికి బార్క్లీనీ తిరిగి ఇవ్వలేరు. దీనివల్ల ఇద్దరు మిత్రులు నిలిచి, ఇద్దరు బంధువులు వెళ్లిపోతారు. పైగా ఇకమీదట ప్రతి ట్రేడ్ వెనుకా సీజను ముగిశాక రద్దు చేస్తారేమోననే భయం ఉంటుంది, ట్రేడులే ఆగిపోతాయి.

రెండోది, ఏమీ జరగనట్టు కొత్త డ్రాఫ్టుకు వెళ్లడం. మీ భార్యకు ఇదే నచ్చవచ్చు. అప్పుడు ఆ ఇద్దరు మిత్రులూ వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు ఉంటారు, కానీ వచ్చే నవంబరులో మీ బావమరిది ఏ చిన్న ట్రేడ్ చేసినా పాత పుండు రేగుతుంది. ఎనిమిదేళ్ల లీగు కంటే నాకు ఇక్కడ మీ హాస్టల్ గది ఎక్కువ విలువైనదిగా కనబడుతోంది, మీ ఉత్తరం చదివితే మీకూ అలాగే ఉందనిపించింది.

మూడోది, ట్రేడ్‌నూ కప్పునూ ఇర్వింగ్‌నూ అలాగే ఉంచి, మీ తప్పుకు మీరే మూల్యం చెల్లించడం. అందరి ముందూ, గ్రూపులోనే, గడువు పాటించకుండా ఆమోదించడం తప్పని రాయడం, దానివల్ల పదకొండో వారం ఫలితం మారిందని అంకెలతో సహా ఒప్పుకోవడం. తరువాత ఈ డ్రాఫ్టులో మీ వరుస స్థానం రూమ్మేటు స్థానం కంటే మెరుగైతే దాన్ని అతనికి ఇవ్వడం, లేదా మీ రెండో రౌండు పిక్కు అతనికిచ్చి అతని నాలుగో రౌండు పిక్కు మీరు తీసుకోవడం. ఏది ఇవ్వాలో అతన్నే అడగవచ్చు. ఇది మీ జట్టుకు దెబ్బే. కానీ ఆ దెబ్బ పడాల్సిన చోటే పడుతుంది, బావమరిది గెలుపు మీద గానీ తోడల్లుడి కీపర్ మీద గానీ పడదు. ఇబ్బంది ఒకటుంది. కొందరు దీన్ని మీరు కుమ్మక్కును ఒప్పుకున్నట్టుగా చదువుతారు. అందుకే మీరు ఒప్పుకుంటున్నది ఏమిటో, ఒప్పుకోనిది ఏమిటో అదే సందేశంలో విడివిడిగా రాయాలి. నేను మీ స్థానంలో ఉంటే ఈ దారికే మొగ్గుతాను, అయినా లీగు ఎలా ఉంటుందో నాకంటే మీకే తెలుసు.

నాలుగో దారి గురించి మీరే అడిగారు, కీపర్లను తీసేసి ఏటా కొత్తగా డ్రాఫ్ట్ చేసుకోవడం. గొడవలు తగ్గుతాయి, నిజమే. కానీ అక్టోబరుకల్లా ఓడిపోయిన జట్లకు లైనప్ పెట్టాలన్న ఆసక్తి కూడా పోతుంది. మీ తోడల్లుడు రెండే గెలిచి కూడా నవంబరులో ఆట గురించి ఆలోచించాడంటే అది కీపర్ల పుణ్యమే. దాన్ని ఈ గొడవకు బలిచేయకండి.

ఏ దారి పట్టినా డ్రాఫ్టుకు ముందు కొన్ని నిబంధనలు కాగితం మీదకు రావాలి. వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇది. కమిషనరుకు గానీ అతని బంధువులకు గానీ సంబంధమున్న ట్రేడ్‌ను చుట్టరికం లేని ఇంకొకరు చూడాలి. ఆ పని మీ రూమ్మేటుకే అప్పగించవచ్చు, అతను ఒప్పుకుంటే. ఒప్పుకుంటాడనే నాకనిపిస్తుంది, ఎందుకంటే ఈ విషయంలో అందరికన్నా ఎక్కువ పట్టింపు ఉన్నది అతనికే. గురువారం ఆట చిక్కుకు మందు కూడా సులభమే. పరిశీలన గడువు మధ్యలో ఒక ఆటగాడి మ్యాచ్ వస్తే, ఆ వారం పాయింట్లు పాత జట్టుకే చెందుతాయని రాసుకోండి. అప్పుడు ఎవరూ పార్కింగులో ఉన్నవాణ్ణి తొందరపెట్టరు.

ట్రేడ్ ఆపాలా వద్దా అన్నదాన్ని అందరి ఓటుకు వదలవద్దని నా సలహా. మీ గ్రూపులో ఓటింగు కావాలంటున్నవాళ్లు ఉన్నారని రాశారు. పన్నెండు మందిలో పదిమందికి ముందున్న జట్టు బలపడకూడదన్నది సహజమైన కోరిక, ఆ కోరికతోనే ఓటు వేస్తారు. అప్పుడు మంచి ట్రేడులన్నీ ఆగిపోయి, ఎవరికీ పట్టని చెత్త ట్రేడులు మాత్రమే గట్టెక్కుతాయి. కుమ్మక్కుకు ఆధారం ఉన్నప్పుడే, అదీ ముగ్గురు కలిసి చర్చించాకే, వీటో వాడాలి. ఒకరు తెలివితక్కువగా ఇచ్చేశారనిపించడం వీటోకు కారణం కాదు.

గడువు సంగతి కూడా చూడండి. అసలు ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనే 2024లో ట్రేడుల గడువు నవంబరు 5తో, తొమ్మిదో వారం తరువాత, ముగిసింది. మీ లీగులో పన్నెండో వారం దాకా ఉంచారు. పద్నాలుగు వారాల సీజనులో పన్నెండో వారం అంటే ఆశ ఉన్న జట్లూ లేని జట్లూ పూర్తిగా తేలిపోయాక అన్నమాట. దాన్ని పదో వారానికి తెస్తే ఇలాంటి అమ్మకాలు ఉంటాయి గానీ, ఒక పెద్ద ఆటగాణ్ణి కొన్నవాడు కొంత ముప్పు కూడా భరించాల్సి వస్తుంది. పెద్ద ఆటగాణ్ణి ఇచ్చేయదలచినవాళ్లు ఒక రోజు ముందు గ్రూపులో చెప్పాలన్న ఆచారం పెట్టుకుంటే మూడో మిత్రుడి ఫిర్యాదు కూడా తీరుతుంది. వచ్చే ఏటి పిక్కులను ట్రేడ్ చేసుకోనిస్తే, చేసినవాడు ఆ ఏటి వంద డాలర్లు ముందే కట్టాలి. పిక్కులన్నీ అమ్ముకుని లీగు వదిలి వెళ్లిపోయిన జట్టును తరువాత ఎవరూ తీసుకోరు.

మీ భార్య మాట గురించి ఒక్క సంగతి. ఆవిడ అడిగినదానిలో న్యాయం ఉంది. తమ్ముడు దొంగతనం చేయలేదు, మరిదీ చేయలేదు. ఆ మాట మీరు నవంబరులోనే గ్రూపులో గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేకపోయింది ఎందుకంటే, చెబితే మీ ఆమోదం సంగతి బయటకు వస్తుందని మీకు లోపల తెలుసు కాబట్టి అని నాకనిపిస్తోంది. ఆ సంగతి మీరే బయటపెట్టాక వాళ్లిద్దరి తరఫునా గొంతెత్తి మాట్లాడడం మీకు తేలికవుతుంది.

గ్రూపులో సందేశం పెట్టడానికి ముందు రూమ్మేటుకు ఫోన్ చేయండి, వీలైతే అతని ఇంటికే వెళ్లండి. బార్క్లీ ఎంత బాగా ఆడాడో, ఇర్వింగ్ ఎంత మంచి బేరమో ఆ రోజు మాట్లాడకండి. అవన్నీ నిజమే అయినా అతనికి ఆ రోజు అక్కర్లేదు. గురువారం ఉదయం కారులో ఏం జరిగిందో, ఫోన్ ఎవరు చేశారో, మీరు ఏం ఆలోచించకుండా నొక్కారో వరుసగా చెప్పండి. తరువాత ఆ వారం స్కోరు అతని ముందు పెట్టి, బార్క్లీ లేకుండా లెక్క మీరే వేసి చూపించండి. అతను ఆ లెక్క ఎప్పుడో వేసుకుని ఉంటాడు, అయినా మీ చేత్తో వేయడం అతను చూడాలి.